బీరువా కింద సబ్బునీళ్లు

ఆ ఆదివారం పొద్దున కల్పలత అనుకున్నది చిన్న పనే. హాల్లో ఉన్న ఇనుప బీరువాను పడకగదిలోకి మార్చి, ఆ గోడకు బోర్డు తగిలించాలి. కాలేజీవాళ్లు పొమ్మనలేక పొగబెట్టినప్పటి నుంచి ఆమె భర్త రాఘవేందర్ ఇంట్లోనే ఫిజిక్స్ ట్యూషన్ పెడతానంటున్నాడు. ఇన్నాళ్లకు హరికిషన్ అనే ఆయన చూడడానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే మెట్టుగూడలోని వాళ్ల చుట్టాల పిల్లలంతా చేరతారు. కాదంటే వచ్చే నెల ఇల్లు గడవదు.

బీరువా ఖాళీ చేసి, కింది వాటావాళ్లను సాయం పిలుద్దామంది. రాఘవేందర్ ఆమె అజ్ఞానానికి జాలిపడ్డాడు. బరువు కాదట సమస్య, ఘర్షణట. అది పోతే చిటికెనవేలితో తోయొచ్చట. బకెట్టెడు సబ్బునీళ్లు తెచ్చి హాలంతా పోశాడు.

"మరి మీరు ఏడ నిలబడ్తరు?" అని అడిగింది కల్పలత.

"నువ్వు జెర పక్కకు జరుగు. ఇది సైన్సు."

తాను నిలబడ్డదీ ఆ నీళ్లలోనేనని ఆ మహానుభావుడికి తట్టలేదు. రెండు చేతులూ ఆనించి బలమంతా పెట్టి తోశాడు. బీరువా ఉన్నచోటే ఉంది. రాఘవేందర్ వెనక్కి పోయాడు.

గుమ్మం దాకా జారి, తన ఇంట్లోకి నురగ వస్తోందేమిటని అడగవచ్చిన ఎదురింటి విజయమ్మ కాళ్లకు తగిలాడు. ఆమె పడబోయి చెప్పుల స్టాండు పట్టుకుంది. స్టాండు ఒరిగి ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను తన్నింది. అది మెట్లమీద దడదడా దొర్లితే, పైకి వస్తున్న హరికిషన్ గోడకు అతుక్కుని తప్పించుకున్నాడు కానీ, సబ్బునీళ్లను తప్పించుకోలేక మెట్టుమీద కూలబడ్డాడు.

కిందపడ్డా పైచేయి తనదే కావాలి రాఘవేందర్‌కు. గుమ్మంలో వెల్లకిలా పడుకునే పాఠం మొదలుపెట్టాడు. చాలినంత బలం తగలక బీరువా కదల్లేదు, అది మొదటి సూత్రం. ఖాళీ సిలిండర్ తేలిక కాబట్టి చిన్న దెబ్బకే పరుగెత్తింది, అది రెండోది. తాను బీరువాను తోస్తే అది తనను తోసింది, అది మూడోది. ట్యూషన్ గంగలో కలిసిందని కల్పలతకు ఏడుపొచ్చింది.

హరికిషన్ నడుం పట్టుకుని లేచాడు. "సార్, నేను పదోతరగతి ఫెయిల్. గీ మూడు సూత్రాలు ఎవలు చెప్పినా సమజ్ కాలే. ఇయ్యాల అయినయ్. మా పిల్లలందర్ని పంపిస్త."

రాఘవేందర్ పడుకునే ఛాతీ విరిచి, భార్యవైపు చూశాడు.

"కానీ బోర్డు గీర్డు వద్దు సార్. క్లాసు గిట్లనే చెప్పాలె."

ఇప్పుడు ప్రతి ఆదివారం మెట్టుగూడ పిల్లల ముందు రాఘవేందర్ జారిపడుతున్నాడు. బీరువా మాత్రం ఉన్నచోటే ఉంది.