మిగిలిన ఎండ

ఒమాన్‌లోని తెలుగువాళ్లు ఇకపై ఏ అర్జీనైనా జపాన్ పద్ధతిలోనే రాయాలని గల్ఫ్ తెలుగు సేవా సంఘం అధ్యక్షులు జయరాముడుగారు 2008 జూలైలో ఖురం పేటలోని సంఘం ఆఫీసులో ప్రకటించారు. ఓ మంత్రిగారి వెంట పది రోజులు జపాన్ తిరిగొచ్చిన మనిషి. అక్కడ ముందు ఋతువును పలకరించకుండా ఉత్తరంలో ఎవరూ విషయానికి రారట. మర్యాదంటే అదీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రామసుబ్బమ్మ కొట్టలేదు. చేతిలో అర్జీ ఉంది. కడప దగ్గర పల్లెలో ఆమె అక్క మంచాన పడింది. ఈమె పాస్‌పోర్టేమో పనిచేసే ఇంటి యజమాని బీరువాలో ఉంది. సంఘం లెటర్ తెస్తే ఇస్తానన్నాడు. ఆరేళ్ల కిందట బయల్దేరేటప్పుడు అక్క కట్టిచ్చిన సద్దిమూటను ఆమె బస్సులో మరిచిపోయింది. ఆ సంగతి అక్కకింకా చెప్పలేదు.

"పలకరింపు ఏదమ్మా?" అన్నాడు గుమాస్తా షఫీ.

"ఎవురికి?"

"ఎండకి."

'మండుటెండల్లో తమరు కుశలమని తలుస్తాను' అని రాయించుకుంది. అధ్యక్షులవారు దాన్ని చూసేసరికి ఆగస్టు పది.

"ఏడో తేదీతో జపాన్ పంచాంగంలో శరత్తు వచ్చేసింది. ఇప్పుడు మండుటెండ అనకూడదు, మిగిలిన ఎండ అనాలి," అన్నారు, ఏసీ పెంచమని సైగ చేస్తూ.

"బయట నలభై నాలుగుంది సార్," అన్నాడు షఫీ.

"అది ఒమాన్ తప్పు."

మిగిలిన ఎండ రాయించి మళ్లీ ఇచ్చింది. ఆ ఫైలు కదిలేసరికి అక్టోబరు. ఈసారి ఎర్రబడిన ఆకులను పలకరించాలన్నారు.

"ఈడ ఖర్జూరం చెట్లే గదా సామీ. అవి ఎర్రబడితే ఎండిపోయినట్టే," అందామె.

"చూశావా షఫీ, ఋతువు గురించి మాట్లాడుతోంది. ఇంప్రూవ్‌మెంట్."

"మా అక్క నీళ్లు గూడా మింగలేకుండాది సామీ."

"అది రెండో పేరాలో రావాలమ్మా."

నవంబరు చివరి శుక్రవారం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరిచేతా రాయించలేదు. పొట్లాలు కట్టిన పేపర్లు చదివి నేర్చుకున్న అక్షరాలతో తానే రాసింది.

'చలి మొదలైంది. పొద్దున నీళ్లు చల్లగా తగులుతున్నాయి. మా అక్క సోమవారం పోయింది. లెటర్ ఇంక అక్కర్లేదు. నా పాత అర్జీలు నాకిచ్చేయండి.'

జయరాముడుగారు రెండు వాక్యాలు చదివి, కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నారు.

"నాలుగు నెలల శిక్షణ వృథా పోలేదయ్యా," అని మంజూరు ముద్ర కొట్టారు. ఫ్రేము కట్టించమన్నారు.

"నా కాయితం నాకియ్యండి సామీ," అంది రామసుబ్బమ్మ.

"అదిప్పుడు సంఘం ఆస్తమ్మా."

షఫీ దాన్ని గోడకు తగిలించాడు. కింది మూడు వాక్యాలు ఫ్రేములో పట్టలేదని వెనక్కి మడిచాడు.