కనకయ్య సర్వీసు

ఆ ఆదివారం పొద్దున రాజమౌళి వేసుకున్న పథకం చాలా చిన్నది. కూరగాయలకని సంచీ పట్టుకుని బయలుదేరి, మూసి ఉన్న కార్ఖానాలో దూరి, తలమీదుగా వాలీబాల్ సర్వీసు కొట్టడం నేర్చుకుని, మధ్యాహ్నానికి వంకాయలతో ఇల్లు చేరడం. సాయంత్రం తాముండే నేతగాళ్ల పేట గోడాదరాలోనే మ్యాచ్. ఈమధ్యే చనిపోయిన కనకయ్య స్థానంలో టీంలోకి వచ్చిన అతను, కింది నుంచి తప్ప సర్వీసు కొట్టలేడు. పైనుంచి కొడితే బంతి నెట్ దాటదు, ముందున్నవాడి వీపును మాత్రం వదలదు.

"ఇయ్యాల గూడ గట్లనే కొడితే తీసేస్తం బావా" అని కెప్టెన్ బిక్షపతి ముందే చెప్పాడు. బిక్షపతి స్వయానా బావమరిది కావడంతో ఆ అవమానం నేరుగా ఇంట్లోకే వస్తుంది.

కార్ఖానాలో కరెంటు సెలవు. సాంచాలని పిలుచుకునే మరమగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. రోజూ చెవులు పగిలే చోట అంత నిశ్శబ్దం ఉండేసరికి రాజమౌళికి ఒళ్లు జలదరించింది. కనకయ్య సాంచా మీద సగం నేసిన తెల్లబట్ట అలాగే ఉంది. కిటికీలు మూసే ఉన్నా దాని అంచు మెల్లగా ఊగుతోంది. అటు చూడకుండా లోపల గడియ పెట్టుకుని, సంచీలో దాచి తెచ్చిన బంతిని గోడకు కొట్టాడు. దభ్! పైకప్పు నుంచి నూలు దుమ్ము జలజలా రాలింది.

బయట చాయ్ తాగుతున్న నేతగాళ్లు గ్లాసులు దించారు. చప్పుడును బట్టి ఏ సాంచా ఎవరిదో చెప్పగల చెవులు వాళ్లవి.

"కరెంటే లేదు, సాంచా ఎట్ల నడుస్తుంది?" అన్నాడొకడు.

"గది కనకన్న సాంచానే" అన్నాడు బిక్షపతి. "గిట్లనే ఆగి ఆగి నడుస్తది."

కాసేపట్లో గల్లీ అంతా పోగయింది. రాజమౌళి భార్య పద్మారాణి నిమ్మకాయలు తెచ్చింది. మొగుడు ఊళ్లోకి పోయాడు కాబట్టి సరిపోయింది, ఉంటే దడుసుకునేవాడని అనుకుంది. బిక్షపతి రేకు తలుపుకు నోరు ఆనించాడు.

"కనకన్నా, నువ్వేనా? నువ్వే అయితే కొట్టు."

సాంచాల మోతకు చెవులు మందగించిన రాజమౌళికి ఇదేమీ వినబడలేదు. దభ్! ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"మా మీద కోపమున్నదా?"

చప్పుడు లేదు. బంతి సాంచా కిందికి దొర్లితే అతను పాకుతూ వెతుక్కుంటున్నాడు. బయట అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"మరి మా రాజమౌళి బావను టీంల నుంచి తీసెయ్యమంటవా?"

సరిగ్గా అప్పుడే రాజమౌళి బంతి ఎగరేశాడు. ఎవరో వెనక నుంచి మోచెయ్యి పట్టుకుని పైకెత్తినట్లయింది. ఆ స్పర్శ చల్లగా ఉంది. అరచెయ్యి బంతికి నిండుగా తగిలింది. జన్మలో కొట్టనంత గట్టిగా, దభేల్!

"తీసెయ్యమన్నడు" అన్నాడు బిక్షపతి.

భయమో ఆనందమో తెలియక రాజమౌళి గడియ తీసి బయటికి ఉరికాడు. తల నుంచి కాళ్లదాకా తెల్లటి దుమ్ము, అందులో రెండు కళ్లు. "అచ్చింది! సర్వీసు అచ్చింది!"

పద్మారాణి చేతిలోని నిమ్మకాయలు జారిపోయాయి. "అయ్యో, మా ఆయన మీదికి కనకన్న అచ్చిండు!"

రాజమౌళి నోరు తెరిచేలోగా బిక్షపతి వచ్చి అతని కాళ్ల మీద పడ్డాడు. "నువ్వు చెప్పినట్లే బావను తీసేసినం కనకన్నా. ఇయ్యాల నువ్వు ఆడతవా?"

రాజమౌళి ఆలోచించాడు. టీంలో రాజమౌళికి చోటు లేదు, కనకయ్యకు ఉంది. పైగా మోచెయ్యి ఇంకా చల్లగానే ఉంది. తను తనేనా అన్న అనుమానం అతనికీ లేకపోలేదు.

"ఆడత" అన్నాడు.

సాయంత్రం అతని సర్వీసును అవతలివాళ్లు ఒక్కటీ ఎత్తలేకపోయారు. టీంవాళ్లు అతన్ని భుజాల మీద మోసుకుని ఇంటికి తెచ్చారు. గడప దగ్గర అతను గుసగుసగా, "పద్మా, నేనేనే, నీ మొగుణ్ని!" అన్నాడు.

పద్మారాణి కొంగు నిండుగా కప్పుకుని బయట వరండాలో చాప పరిచింది. "ఆయన మల్ల అచ్చేదాంక ఈడ్నే కూసో అన్నా."