రాత్రి పోటుకు పూర్వీకుల పూచీ

మనిషి రక్తపోటుకు పగలు మనిషే బాధ్యుడు, రాత్రి అతని పూర్వీకులు బాధ్యులు. అకితా కొండల్లోని నెమురిసవ పట్టణ కార్యాలయం ఈ సత్యాన్ని చర్చ లేకుండా ఆమోదించింది. పగటి పోటునూ రాత్రి పోటునూ నడిపే జన్యువులు అన్నీ ఒకటి కావని ఎవరో పండితుడు వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్లాడు. జన్యువులే వేరైనప్పుడు కౌంటరు ఒకటే ఎలా ఉంటుంది? అందుకని పగటి పోటు విభాగం, రాత్రి పోటు విభాగం అని రెండు తెరిచి, మధ్యలో చెక్క అడ్డుగోడ కట్టారు. (రాత్రి విభాగం పగలు మాత్రమే పనిచేస్తుంది.)

ఆ గోడకు అటూ ఇటూ తిరిగి అలిసినవాడు తొగాషి కొహెయ్. పై లోయ పిల్లలను బడికి తెచ్చే బస్సు నడిపేది అతనే. మిగతా డ్రైవర్లందరూ మెరుగైన జీతాలకు సెందాయ్ నగరానికి వెళ్లిపోయారు. వయసు మళ్లిన డ్రైవరు బస్సెక్కాలంటే రెండు విభాగాల ముద్రలూ పడాలి. పగటి విభాగం టీ తాగుతూనే ముద్ర వేసేసింది. రాత్రి విభాగం మాత్రం అతని చేతికి పట్టీ, నడుముకు పోటు కొలిచే యంత్రం కట్టి ఇంటికి పంపింది. కన్ను మూతపడిందో లేదో పట్టీ బిగిసేది. మెలకువ వచ్చినప్పుడల్లా అతనికి కొండ మలుపు దగ్గర రోడ్డు మీద పేరుకునే మంచు గుర్తొచ్చేది. ఇక నిద్ర పట్టేది కాదు.

"నిద్రలో అందరికీ దిగే పోటు మీకు రాత్రిళ్లు దిగడం లేదండీ," అన్నాడు రాత్రి విభాగం అధికారి హతకెయమ, ఎంతో విచారంగా.

"మీ యంత్రం పడుకోనిస్తే కదండీ దిగడానికి!"

"యంత్రం అందర్నీ ఒకేలా లేపుతుంది. దానికి పక్షపాతం లేదు. ఇది వంశం నుంచి వచ్చిన వ్యవహారం. మీ నాన్నగారిని ఒకసారి రమ్మనండి."

"ఆయన పోయి చాలా ఏళ్లయిందండీ."

"అయ్యయ్యో. అయితే రాలేకపోవడానికి కారణం రాసివ్వండి."

కొహెయ్ రాసిచ్చాడు. మర్నాడు తండ్రికి బదులు తల్లి మిత్సుయొ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పోయినాయన మీద కేసు పెడతావా నాయనా? రోజూ పొద్దున్నే ఆయన పటం ముందు అన్నం, మిసో చారు పెడుతున్నాను. రేపు పెట్టేటప్పుడు అడుగుతాలే, నీ పోటెంత అని."

"కేసు కాదమ్మా, విచారణ. ఆయన ఉప్పు ఎక్కువ తినేవారా?"

"ఈ ఊళ్లో తక్కువ తినేవాడెవడో చూపించు, నేనూ చూస్తాను. ముందిది తిను."

హతకెయమ ఒక ముక్క తిన్నాడు. (నిబంధనల ప్రకారం అది నమూనా పరీక్ష.) అనుమాన నివృత్తికి ఇంకో ముక్క పరీక్షించాడు.

"మా కొహెయ్‌కో కవల తమ్ముడున్నాడు," అంది మిత్సుయొ. "ఇద్దరూ అచ్చుగుద్దినట్టుంటారు. వాడికి కట్టండి మీ పట్టీ."

హతకెయమ కళ్లు మెరిశాయి. అచ్చు ఒకేలా ఉండే కవలలంటే జన్యువులూ ఒకటే. తమ్ముడి పోటు కూడా దిగకపోతే వంశం నేరం రుజువైనట్టే. తమ్ముడు షిన్‌పెయ్ ఊరి చివర వేడినీటి స్నానశాల నడుపుతాడు. పట్టీ కట్టించుకుని హాయిగా పడుకున్నాడు. అతని పోటు రాత్రి చక్కగా దిగింది.

"ఆ బిగుసుకునేదాంతో ఎలా పడుకున్నావురా?" అన్నాడు కొహెయ్.

"బిగుసుకుందా? ఎప్పుడన్నయ్యా?"

విభాగం అత్యవసరంగా సమావేశమైంది. జన్యువులు ఒకటే, ఫలితాలు వేరు. సిద్ధాంతం తప్పు కాదు. యంత్రానికి పక్షపాతం లేదు. కాబట్టి వీళ్లు కవలలు కారు. తల్లినీ కొహెయ్‌నీ మళ్లీ పిలిపించారు.

"ఇద్దర్నీ ఒక్క పూటే కన్నానయ్యా. అప్పుడు నేనక్కడే ఉన్నాను."

"ఇంకెవరైనా సాక్షులున్నారా అమ్మా?"

"వీళ్ల నాన్న."

"ఆయన రాలేరని మీ అబ్బాయే రాసిచ్చారు కదమ్మా."

అంతవరకూ చేతులు కట్టుకుని నిలబడిన కొహెయ్ అప్పుడు నోరు విప్పాడు.

"మా ఇద్దరికీ తేడా ఒక్కటేనండీ. వాడి స్నానశాల ఎక్కడికీ జారిపోదు. నా వెనకాల పిల్లలు కూర్చుంటారు. నాకు జ్వరమొచ్చినా తోలడానికి ఇంకొకడు లేడు. కళ్లు మూస్తే ఆ మలుపే కనిపిస్తుంది. రెండో డ్రైవర్ని ఇప్పించండి, మీ యంత్రం ఉన్నా సరే నిద్రపోతాను."

హతకెయమ కలం కింద పెట్టాడు. కాసేపు మామూలు మనిషిలా కనిపించాడు.

"మా అమ్మాయి కూడా మీ బస్సులోనే వస్తుందండీ," అన్నాడు నెమ్మదిగా. "కానీ ఫారంలో కారణం దగ్గర రెండే గడులున్నాయి. తండ్రి, తల్లి. డ్రైవరు కొరతకు గడి లేదు."

మిత్సుయొ ఎదురుగానే కూర్చుంది కనుక, తండ్రి గడిలో టిక్కు పెట్టాడు. కొహెయ్ బస్సు ఎక్కడానికి వీల్లేదన్నారు.

బస్సు షెడ్డులో ఆగిపోయింది. మొదట్లో కొహెయ్‌కి తిండి సయించలేదు. పిల్లలను తల్లిదండ్రులు ఎలాగో తీసుకెళ్తున్నారని తెలిశాక మాత్రం నిద్ర ముంచుకొచ్చింది. ఏళ్ల తరబడి బాకీ పడ్డ నిద్రంతా ఒక్కసారి తీర్చుకున్నాడు. మళ్లీ పట్టీ కడితే పోటు తమ్ముడిలాగే దిగింది. హతకెయమ సంతోషం పట్టలేక స్వయంగా ముద్ర వేసి, కారణం దగ్గర 'పూర్వీకుల ప్రవర్తనలో మెరుగుదల' అని రాశాడు.

ఆ కాగితం పట్టుకుని కొహెయ్ రవాణా విభాగానికి పరిగెత్తాడు. అర్హుడైన డ్రైవరు లేని కారణంగా పై లోయ బస్సును శాశ్వతంగా రద్దు చేశామని అక్కడివాళ్లు మర్యాదగా చెప్పారు.

తల్లిదండ్రులు మాత్రం ఎన్నాళ్లని పనులు మానుకుంటారు? ఇప్పుడు పిల్లలు బడికి నడుచుకుంటూ వస్తున్నారు. వాళ్లలో హతకెయమ కూతురూ ఉంది. తెల్లవారకముందే కొహెయ్ ఇసుక బస్తా భుజాన వేసుకుని వెళ్లి, కొండ మలుపు దగ్గర మంచు మీద చల్లి వస్తున్నాడు. ఆ పనికి ఎవరూ అతన్ని ఏ ముద్రా అడగలేదు.

నడక రక్తపోటుకు మంచిది కనుక, రాత్రి విభాగం దీన్ని ఈ ఏటి విజయాల్లో చేర్చుకుంది. పిల్లలు నడిచేది పగలు కాబట్టి ఆ ఘనత తమదేనని పగటి విభాగం అభ్యంతరం తెలిపింది.