ఉత్తమ గిటారిస్టు నిర్ధారణ ఉపసంఘం

బ్యాండు పెట్టిన ప్రతి ఊళ్ళోనూ గిటారిస్టులు మారుతూనే ఉంటారు. అది ప్రకృతి ధర్మం. అయితే ఆ ధర్మాన్ని పరిపాలనా సమస్యగా గుర్తించి, దానికి ఒక ఉపసంఘం వేసి, ఉపసంఘానికి రబ్బరు స్టాంపు చేయించి, ఆ స్టాంపుకు ఒక సంరక్షకుణ్ణి నియమించిన ఘనత మాత్రం పలాస-కాశీబుగ్గ జంట పట్టణాలకే దక్కింది.

ఉద్దానం థండర్స్ అనే రాక్ బ్యాండు 1997లో పుట్టింది. చవితి పందిళ్ళలోనూ, టెక్కలి కాలేజీ వార్షికోత్సవాల్లోనూ, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య ఖాళీ దొరికిన ప్రతిచోటా సొంత పాటలు వాయించేది. గాయకుడు, డ్రమ్మరు మొదటినుంచీ వాళ్ళే. (కీబోర్డు వాయించే గౌరీశ్వరి కూడా మొదటినుంచీ ఆవిడే. ఈ సంగతిని ఎవరూ ఎన్నడూ ప్రస్తావించలేదు గనుక బ్రాకెట్లలో పెట్టడమైనది.) బేస్ గిటారు వాయించడానికి మనిషి దొరకలేదు. ఆ పని గౌరీశ్వరి ఎడమచెయ్యి చూసుకునేది.

మారినవాళ్ళు గిటారిస్టులే. మొదటి రెండున్నరేళ్ళు త్రినాథరావు. మోటారు వైండింగు షాపు పని పెరిగాక మానేశాడు. తరువాత మూడేళ్ళు మనోహర్. భుజాల దాకా పెంచిన జుత్తును మిలటరీకి సమర్పించి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఢిల్లీబాబు. ఇతని కాలి కింద తొక్కే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఎర్రలైటు వెలుగుతుంది. ఆ లైటు వల్లనే ఇతనికి వజ్రపుకొత్తూరు మండలంలో అభిమానులు ఎక్కువ.

ముగ్గురిలో ఎవరు గొప్ప? ఈ ప్రశ్న మీద కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీ కొట్టులో ఏడాదిగా చర్చ నడుస్తోంది.

"మీ త్రినాథు చెయ్యి ఏగమే బావా, కాదన్లేదు. మోటారుకి తీగి సుట్టినోడికి ఏగముండదేటి?"

"మరి మీ మనోహరు జుత్తూపడమే గాని తీగి ముట్టుకోవడం ఎప్పుడైనా సూసినావేటి?"

"ఇద్దరూ ఇద్దరే. మా ఢిల్లీ పెట్టి తొక్కితే సంతబొమ్మాళి దాకా ఇనపడతాది."

"తొక్కితే వచ్చీదానికి గిటారెందుకు మావా? కుట్టుమిషను కొనుక్కోమను."

2004 వేసవిలో ఈ చర్చకు ప్రమాదకరమైన మలుపు వచ్చింది. విశాఖలో ఒక సంస్థ బ్యాండుల పోటీ ప్రకటించింది. గెలిచినవారి పాటలు స్టూడియోలో రికార్డు చేసి, వాయించినవారి పేర్లు అట్ట మీద అచ్చువేసి క్యాసెట్టు తెస్తారు. దరఖాస్తులో ఐదు పేర్లకే చోటు. గాయకుడు, డ్రమ్మరు, కీబోర్డు పోగా మిగిలినవి రెండు ఖాళీలు. గిటారిస్టులు ముగ్గురు. మనోహర్ సరిగ్గా అప్పుడే రెండు నెలల సెలవు మీద వచ్చి ఉన్నాడు.

అందువల్ల అభిమానుల సమన్వయ సంఘం (రిజిస్ట్రేషన్ నెంబరు: రావలసి ఉంది) ఉపసంఘాన్ని వేసింది. అధ్యక్షుడు నీలకంఠం గారు. ఒక ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు చూసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన మనిషి. ఆయనకు గిటారుకీ వీణకీ తేడా తెలియదు. నిష్పక్షపాతానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదని సంఘం ఏకగ్రీవంగా భావించింది.

కార్యదర్శి అప్పలసూరి, బి.ఎ. సంతబొమ్మాళి దగ్గర వరిపొలం చేసుకునే ఇంట్లో డిగ్రీ కాగితం చూసిన మొదటివాడు. అచ్చుకాగితం మీద ఏది రాసి ఉంటే అది జరుగుతుందని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. చేతిరాత బాగుంటుంది. ఆ రెండు అర్హతల మీదే అతనికి పదవి వచ్చింది.

నీలకంఠం గారు మొదటి వారంలోనే పదకొండు నియమాలు రాయించారు. వాదన మూడు ప్రతుల్లో సమర్పించాలి. గాలిలో వేళ్ళాడించి వాయించి చూపడం సాక్ష్యంగా పరిగణింపబడదు. నోటితో గిటారు చప్పుడు చేయడం గరిష్ఠంగా పది సెకండ్లు. నాలుగో నియమం అన్నిటికన్న కీలకమైనది: గిటారు మెడలో వేసుకున్నవారే గిటారిస్టులు. ఇక చివరి నియమం: ఇన్‌వార్డు నెంబరు పడని కాగితం కాగితం కాదు.

విచారణ మూడు ఆదివారాలు నడిచింది. నూట పన్నెండు వాదనలు వచ్చాయి. వాటన్నిటిలోనూ ప్రధాన సాక్ష్యం ఒకటే, టెక్కలి క్యాసెట్టు. థండర్స్ కచేరీని మైకుసెట్టు ఆయన రికార్డు చేసిన టేపు అది. రెండో పాట మధ్యలో ఒక గిటారు ముక్క వస్తుంది. ఒక నిమిషం నలభై సెకండ్లు. అది విన్నప్పుడు పలాసలో జీడిపప్పు పొట్టు తీసే చేతులు కూడా ఆగిపోతాయని పేరు. ఆ ముక్క వాయించినవాడే గొప్పవాడని మూడు వర్గాలూ ఒప్పుకున్నాయి. చిక్కేమిటంటే క్యాసెట్టు మీద "టెక్కలి, వినాయక చవితి, సైడ్ బి" అని మాత్రమే ఉంది. ఏ సంవత్సరమో లేదు. (వినాయక చవితి మళ్ళీ మళ్ళీ వస్తుందని మైకుసెట్టు ఆయనకు తోచలేదు.) కాబట్టి అది తొంభై తొమ్మిది అని త్రినాథరావు వర్గం, రెండువేలు అని మనోహర్ వర్గం, కాదు నిరుడే అని ఢిల్లీబాబు వర్గం రాసి ఇచ్చాయి.

ఆఖరి సాక్షి సన్యాసమ్మ. థండర్స్ ఎక్కడ వాయిస్తే అక్కడ స్టేజీ పక్కన పకోడీలు వేసే మనిషి. అన్ని కచేరీలూ చూసినది ఆవిడొక్కతే.

"చెప్పమ్మా, ఆ ముక్క వాయించింది ఎవరు?" అన్నారు నీలకంఠం గారు.

"నాకా పేర్లూ ఊర్లూ తెలవ్వు బాబూ. ఆ పాటొచ్చినప్పుడు పొయ్యి తగ్గించేసి ఆ పిల్ల సేతి ఏళ్ళు సూసీదాన్ని. ఏటి ఆ సేతి ఏళ్ళు! పావురాలు గింజలేరినట్టు."

"ఏ పిల్ల?"

"ఆ ఎనకాల బల్లేసుకుని కూకునీ పిల్ల."

"అప్రస్తుతం," అన్నారు నీలకంఠం గారు. "విచారణ గిటారు గురించి. కొట్టెయ్యవయ్యా సూరీ."

అప్పలసూరి కొట్టేశాడు. కొట్టేసిన వాక్యం గీత కిందనుంచి కూడా చక్కగా కనబడుతోంది. చేతిరాత బాగుండడంలో ఉన్న ఇబ్బంది అదే. మర్నాడు పొద్దున్నే సైకిలు తీసి వైండింగు షాపుకి వెళ్ళాడు.

త్రినాథరావు చేతిలో మోటారు కింద పెట్టి, షాపు లోపలికీ బయటికీ చూసి, గొంతు తగ్గించాడు. "సెప్తే నవ్వుతావు సూరీ. టెక్కలిలో ఆ సాయంత్రం నా సన్నతీగి తెగిపోనాది. తీగి కావాలంటే బరంపురం ఎల్లాలి. జనం సూత్తే ఏలకి ఏలు. గౌరక్క అంది, నువ్వు ఊగుతుండు, నాను వాయించెత్తాను అని. కీబోర్డులో ముప్ఫయ్యో నెంబరు నొక్కితే గిటారు మోతే వత్తాది. తరవాత తీగి తెచ్చినాను గాని ఆ ముక్క నా సేతికి రాలేదు. మనోహరు మట్టుకు నిజంగానే వాయించీవోడంట. ఆడే గొప్పోడు."

మనోహర్ ఇంటి అరుగు మీద కూర్చుని మిలటరీ బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. "నానా వాయించింది? పాట నేర్సుకునీవరకూ అక్క వాయిత్తాదన్నారు. మూడేళ్ళు నేర్సుకున్నాను. త్రినాథు బావ వాయించిన ముక్క అది, ఆ బావకే సెల్లు. ఇప్పుడు ఢిల్లీ ఇరగదీత్తన్నాడని ఇన్నాను. ఈ మాట బయటికి రానీకురా, మా రెజిమెంటులో నన్ను గిటారు రావు అంటారు."

ఢిల్లీబాబు కొబ్బరితోటలో దొరికాడు. "ముందు ఇద్దరు మొనగాళ్ళు వాయించిన ముక్క నానెలా ముడతాను సూరీ? అంచేత అక్కనే వాయించమన్నాను. టెంపరవరీగా."

"మరి ఆ పెట్టి?"

"అందులో లైటొక్కటే పనిసేత్తాది."

అప్పలసూరి ఈ ముగ్గురి మాటలూ విడివిడిగా రాసి, ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాడు. అక్కడినుంచి గౌరీశ్వరి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం చెప్తుంది. వాకిట్లో కూర్చుని కీబోర్డు మెట్ల మధ్య ఇరుక్కున్న దుమ్ము చీపురుపుల్లతో తీస్తోంది.

"అక్కా, ఆ ముక్క నువ్వే వాయిస్తున్నావంట కదా, ఐదేళ్ళనుంచీ?"

"ఇప్పుడు తెలిసిందేటి నీకు?"

"ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగినోడేడిరా? అందరూ గిటారు కేసే సూత్తారు. నాను ఎనకాల స్పీకరు పక్కన ఉంటాను. కరెంటోడు అనుకునీవోలు." దుమ్ము ఊదింది. "ఓ మాట సెప్తాను సూరీ, నవ్వకు. విశాఖలో గెలిత్తే పేర్లు అట్ట మీద ఏత్తారంట. నా పేరు ఒక్కసారి అచ్చులో సూడాలనుంది. గిటారని వద్దు, గొప్పని వద్దు. పేరుంటే సాలు."

అప్పలసూరి నవ్వలేదు. ఇంటికి వెళ్ళి పద్నాలుగు పేజీల నివేదిక రాశాడు. ఉద్దానం థండర్స్ పుట్టింది మొదలు అందులో పనిచేసిన గిటారిస్టులందరిలోకీ ఉత్తములు శ్రీమతి గౌరీశ్వరి (కీబోర్డు) అని తేల్చాడు. ఆమె పేరు కింద రెండు గీతలు గీశాడు, స్కేలు పెట్టి.

నీలకంఠం గారు నివేదిక అంతా చదివారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఏ కాగితాన్నీ చదవకుండా తిరగ్గొట్టలేదన్న పేరు ఆయనకుంది. చదివే తిరగ్గొడతారు.

"చాలా బాగా రాశావయ్యా. కాని నాలుగో నియమం ఉందిగదా. ఆవిడ మెడలో గిటారు ఉందా?"

"లేదండి. వాయించింది మాత్రం..."

"మనం వాయించినవాళ్ళని వెతకడం లేదు నాయనా, గిటారిస్టుని వెతుకుతున్నాం. సరే, సాక్ష్యాలు చూద్దాం. త్రినాథరావు తనకు రాదన్నాడు. ఎవరి గురించి వారు చెప్పుకున్నది చెల్లదు, ఎనిమిదో నియమం. కాని మనోహర్ గొప్పవాడన్నాడు. అది చెల్లుతుంది. మనోహర్ మిగతా ఇద్దరూ గొప్పవాళ్ళన్నాడు. ఢిల్లీబాబూ అంతే అన్నాడు. అంటే మనోహర్‌కి అనుకూలంగా ఇద్దరు, త్రినాథరావుకి ఇద్దరు, ఢిల్లీబాబుకి ఒకరు."

"ముగ్గురూ అక్కే వాయించిందని కూడా చెప్పారు కదండీ?"

"అది వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకున్న వాక్యంలో భాగమయ్యా. మొత్తం వాక్యం పోతుంది."

అప్పలసూరి ఎనిమిదో నియమం తీసి చూశాడు. నిజమే, అలాగే ఉంది. తన చేతిరాతే.

"ఇక ముగ్గురిలో ఎవరికీ వ్యతిరేకంగా చెల్లుబాటయ్యే సాక్ష్యం ఒక్కటీ లేదు గనుక," అని నీలకంఠం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, "ముగ్గురూ ఉత్తములే. ముగ్గురినీ పంపుదాం. గాయకుడు, డ్రమ్మరు, ముగ్గురు గిటారిస్టులు. ఐదు. దరఖాస్తు కూడా సరిపోయింది, చూడు! ఇంత చక్కగా సరిపోయిన ఫారం నా సర్వీసులో చూడలేదు."

"మరి గౌరక్క?"

"తరువాతి పోటీకి పరిశీలిద్దాం. ఈ నివేదిక పట్టుకుపో. దీనికి ఇన్‌వార్డు నెంబరు వెయ్యలేదు."

నెంబరు పడని కాగితం కాగితం కాదు. అప్పలసూరి పద్నాలుగు పేజీలూ చంకలో పెట్టుకుని గౌరీశ్వరికి సంగతి చెప్పడానికి వెళ్ళాడు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి ఆ ముక్క ఎవలు వాయిత్తారంట?"

ఆ ప్రశ్న ఉపసంఘం పరిధిలోకి రాదు.

మూడు వర్గాల అభిమానులూ గెలిచారు కాబట్టి కాశీబుగ్గలో టపాసులు కాల్చారు. విశాఖ బస్సుకు ముందు అద్దం కనబడకుండా దండలు వేశారు. పోటీలో మొదటి పాట బాగానే జరిగింది. రెండో పాటలో ఆ చోటు వచ్చింది. గాయకుడు మైకు వదిలి పక్కకు తప్పుకున్నాడు. త్రినాథరావు గౌరవంగా మనోహర్ వైపు చూశాడు. మనోహర్ ఢిల్లీబాబు వైపు చూశాడు. ఢిల్లీబాబు పెట్టె తొక్కి, ఎర్రలైటు వెలిగాక, ఇద్దరు పెద్దలకూ దారి ఇస్తున్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. ముగ్గురూ ఊగుతున్నారు. ముగ్గురి వేళ్ళూ తీగల మీదే ఉన్నాయి. డ్రమ్మరు ఒక్కడే కొడుతున్నాడు. హాల్లో వెనక వరసలో కూర్చున్న అప్పలసూరి గడియారం చూశాడు. ఒక నిమిషం నలభై సెకండ్లు.

ఓటమికి కారణాలు తేల్చడానికి ఉపసంఘం పదవీకాలాన్ని ఆరు నెలలు పొడిగించారు. ఆ ఊగడంలో ఎవరిది గొప్ప అన్న విషయం మీద టీ కొట్టులో అప్పటికే మూడు వర్గాలు ఏర్పడ్డాయి. నీలకంఠం గారు మాత్రం అసలు కారణం రెండో రోజే పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి ఒక పని చేస్తూ వచ్చిన వ్యక్తి అత్యవసర సమయంలో హాజరు కాలేదు. ముందస్తు అనుమతి తీసుకోలేదు. మెమో ఇవ్వాలి. కార్యదర్శి అందంగా రాయాలి.

అప్పలసూరి కలంలో సిరా నింపుకున్నాడు. తరువాత రాశాడు. స్టాంపు పడింది, సంతకం పడింది, అవుట్‌వార్డు నెంబరు పడింది. సైకిలు మీద తనే పట్టుకెళ్ళాడు.

గౌరీశ్వరి కీబోర్డు మీద గుడ్డ కప్పి వచ్చి, మెమో రెండుసార్లు చదివింది.

"తప్పు లేకుండా రాసినావురా సూరీ," అంది. "నా పేరులో దీర్ఘం కూడా పెట్టినావు."

ఏడేళ్ళలో ఉద్దానం థండర్స్ రికార్డుల్లోకి ఆమె పేరు ఎక్కిన మొదటి కాగితం అది.