గురువు అక్కర్లేని పెట్టె

“నేటితో ఈ బడిలో అజ్ఞానం అంతరించింది!” అని డైరెక్టరుగారు ప్రకటించారు. మైకు కుయ్యిమంది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కన బల్లమీద ఆకుపచ్చ ప్లాస్టిక్ లాప్‌టాప్‌లు గోడలా పేర్చి ఉన్నాయి. ప్రపంచంలోకెల్లా చవకైనవట. కిందపడినా పగలవట, వానలో తడిసినా చెడవట. అన్నిటికంటే గొప్ప విశేషం, వాటికి గురువు అక్కర్లేదట. పిల్లల చేతిలో పెడితే చాలు, మిగతా చదువంతా అవే చూసుకుంటాయట.

పెద్ద టీచరమ్మ ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఆవిడ అడిగింది లాప్‌టాప్‌లు కాదు. బడి మొత్తానికి ఆవిడా, లెక్కల మాస్టారూ ఇద్దరే. మూడో టీచరును ఇమ్మని అడిగి అడిగి ఆవిడ నోరు పడిపోయింది. ఇన్నాళ్ళకు పైవాళ్ళు కరుణించారు. మూడో టీచరును ఇవ్వలేదు గానీ, రెండో టీచరు అవసరం లేకుండా చేశారు.

సభ ముగిశాక డైరెక్టరుగారు ఆవిడను పక్కకు పిలిచారు. త్వరలో దాతలు వస్తారు. లాప్‌టాప్‌లు వాటంతట అవే నేర్పుతుంటే పిల్లలు నేర్చుకుంటున్నారని వాళ్ళ కళ్ళముందు రుజువైతే చాలు, లెక్కల మాస్టారు అదనం కిందికి వస్తారు, వేరే చోటికి పంపేస్తారు. ఏ లాప్‌టాప్ అయినా పాడైతే మాత్రం ఆ ఖర్చు పెద్ద టీచరమ్మ జీతంలోంచి పోతుంది.

“కిందపడినా పగలదన్నారు కదా సార్?” అందావిడ.

“పగలదు. పగిలితే మీ బాధ్యత.”

ఆవిడ బాధ్యత తెలిసిన మనిషి. లాప్‌టాప్‌లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. వాటికి చోటివ్వడం కోసం పాత అట్లాసులు వసారాలోకి వచ్చి పడ్డాయి. కంప్యూటరు పీరియడు మాత్రం తప్పకుండా జరిగేది. పిల్లలు చేతులు శుభ్రంగా కడుక్కుని వరసలో నిలబడేవారు. ఆవిడ బీరువా తెరిచేది. పిల్లలు చూసేవారు. ఆవిడ మూసేది. హోంవర్కు ఉండదు కనుక పిల్లలకు ఆ పీరియడంటే ప్రాణం.

ఒకటి తెరిచి చూద్దామా అని మాస్టారు ఒకసారి అడిగారు. తెరిస్తే పాతబడతాయని ఆవిడ మాట తప్పించింది. అసలు భయం జీతం గురించి కాదు. లెక్కలంటే వణికే పిల్లల్ని మాస్టారు పక్కన కూచోబెట్టుకుని, “నాకూ సరిగ్గా గుర్తులేదు, పట్టు, ఇద్దరం కలిసి చేద్దాం” అనేవారు. ఆ అబద్ధంతోనే బడిలో సగంమంది భిన్నాలు నేర్చుకున్నారు. అలాంటి మనిషిని పంపేసి, బీరువాను పెట్టుకుని ఆవిడ ఏం చేసుకుంటుంది? ఆ ఊహకే ఆవిడకు ఏడుపొచ్చేది.

దాతలు రానే వచ్చారు. డైరెక్టరుగారు మూడో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, లాప్‌టాప్ ముందు కూచోబెట్టి, మొదలుపెట్టమన్నారు. ఆ పిల్ల కడిగిన చేతులు కట్టుకుని దానివంక శ్రద్ధగా చూసింది. తనకు నేర్పినదంతా అదే.

పాప సిగ్గుపడుతోందని నవ్వి, డైరెక్టరుగారే లాప్‌టాప్ అందుకున్నారు. మూత లాగారు. రాలేదు. వెనక్కి తిప్పి లాగారు. తలకిందులు చేసి లాగారు. ఆయన చేతుల మీదుగా ఎన్నో బళ్ళకు లాప్‌టాప్‌లు వెళ్ళిన మాట నిజమే గానీ, అన్నీ మూతతోనే వెళ్ళాయి, మూతతోనే ఫొటోల్లో పడ్డాయి. ఆయన మొహం కందగడ్డ అయింది. తెరిచే గౌరవం దాతలకే దక్కాలంటూ వారి అధ్యక్షురాలికి అందించారు. ఆమె నాలుగు వైపులా చూసి, తయారీ చాలా అందంగా ఉందని మెచ్చుకుని, అంతే గౌరవంగా తిరిగి ఇచ్చేసింది.

పెద్ద టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. అది తెరుచుకోకపోతే మాస్టారు మిగులుతారు.

మాస్టారికి ఒక జబ్బుంది. ఎవరైనా తెలియక అవస్థపడుతుంటే చూస్తూ ఊరుకోలేరు. వెళ్ళి డైరెక్టరుగారి పక్కన చతికిలబడ్డారు. పెద్ద టీచరమ్మ వద్దు వద్దని కళ్ళతో సైగ చేసింది. ఆయన చూడలేదు.

“నాకూ తెలీదు సార్. పట్టండి, ఇద్దరం కలిసి చూద్దాం.”

లాప్‌టాప్‌ను పట్టుకునే పిడి కింద అటొకటి ఇటొకటి మీటలున్నాయి. రెండూ ఒకేసారి నొక్కాలి. ఒకటి తాను నొక్కి, రెండోది డైరెక్టరుగారి చేత నొక్కించారు. మూత తెరుచుకుంది. తరవాత దాతల్లో ఒక్కొక్కరిచేతా నొక్కించారు. బడిగంట కొట్టేవేళకు డైరెక్టరుగారు తమ పేరు తామే టైపు కొట్టగలిగారు.

“ఒక్క అక్షరం పోయింది సార్. ఫరవాలేదు, మళ్ళీ కొట్టండి,” అన్నారు మాస్టారు.

డైరెక్టరుగారు మళ్ళీ కొట్టి, తెరను అందరివైపూ తిప్పి చూపించారు. దాతలు చప్పట్లు కొట్టారు. పిల్లలు చేతులు కట్టుకుని ఇదంతా చూశారు.

కొద్దిరోజులకు ఉత్తర్వు వచ్చింది. ప్రయోగం సంపూర్ణంగా విజయవంతమైంది. ఈ లాప్‌టాప్‌కు గురువు అక్కర్లేదని దాతల సమక్షంలో రుజువైంది. కనుక లెక్కల మాస్టారిని అదనంగా గుర్తించి, ప్రధాన కార్యాలయంలో అధికారులకు లాప్‌టాప్ నేర్పడానికి నియమించడమైనది. అంతమంది అధికారులకు ఒక్క మాస్టారు చాలరని డైరెక్టరుగారు రాస్తే, ఇంకొందరు టీచర్లు కూడా వెంటనే మంజూరయ్యారు.

మాస్టారు వెళ్ళిన మర్నాడు పెద్ద టీచరమ్మ బీరువా తెరిచి లాప్‌టాప్‌లు పిల్లల చేతుల్లోనే పెట్టేసింది. పగిలితే పగలనీ అనుకుంది. మీటలు ఎక్కడున్నాయో పిల్లలు చూసే ఉన్నారు. మూతలు టకటకా లేచాయి. తెరలు వెలిగాయి. మూడో తరగతి పిల్ల తన తెరమీద వచ్చిన మొదటి వాక్యాన్ని కూడబలుక్కుని పైకి చదివింది.

“అర్థం... కాకపోతే... మీ టీచరును... అడగండి.”

చదివి, తల తిప్పి, మాస్టారి ఖాళీ కుర్చీవంక చూసింది.

“మాస్టారు ఎప్పుడొస్తారు టీచర్?”

“పెద్దసార్లు పాసయ్యాక వస్తారమ్మా.”

డైరెక్టరుగారు తమ పేరు ఎంతసేపటికి కొట్టారో ఆ పిల్ల కళ్ళారా చూసింది. మూత మూసి, చేతులు కట్టుకుని కూచుంది.