పలచన ఉత్తర్వు

గంగదేవరపాడు మున్సిపాలిటీలో చనిపోయినవాళ్లు టీవీ మీద కూర్చుంటారు. ఇందులో వింతేమీ లేదు, ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. బీరువా మీద ట్రంకు పెట్టెలుంటాయి, ఫ్రిజ్ మీద మందుల డబ్బాలుంటాయి, మంచమా, బతికున్నవాళ్లకే చాలదు. అదే డబ్బా టీవీ అయితే పైన అల్లిక గుడ్డ పరిచి ఉంటుంది, అడుగున గోరువెచ్చగా ఉంటుంది, ఇంట్లో అందరి మొహాలూ అటే తిరిగి ఉంటాయి. పోయినవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

పద్నాలుగో వార్డులో రూతమ్మ మొగుడు ఏసుపాదం తొమ్మిదేళ్లుగా అలాగే కూర్చుంటున్నాడు. బతికున్నప్పుడు టీవీ మెకానిక్. ఆ ఇరవయ్యొక్క అంగుళాల టీవీని, పాడైపోయిన మూడు టీవీల్లోంచి తనే తయారుచేశాడు. ఇప్పటికీ బొమ్మ జారిపోతుంటే మడమతో పక్కన ఒక్కటి తంతాడు, సర్దుకుంటుంది. రూతమ్మ ఎదురుగా కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతూ ఆ రోజు జరిగిందంతా చెబుతుంది. అతను వింటాడు. మధ్యలో "ఆ సీరియల్లో కోడలికి బుద్ధి లేదే" అంటాడు. వాళ్ల సంసారం ఇప్పుడు ఇంతే, ఆవిడకి ఇదే చాలు.

పోయిన వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇళ్లల్లో డబ్బా టీవీలు తీసేసి గోడకి తగిలించే పలచటి టీవీలు పెట్టించాలని దాని ఉద్దేశం. ఎవరో మహానుభావుడు "గృహములందలి టీవీలను" అని కొట్టాల్సిన చోట "గృహస్థులను" అని కొట్టాడు. గృహస్థులను పలచన చేయవలెను. మున్సిపాలిటీ వాళ్లు వివరణ కోరుతూ ఉత్తరం రాశారు. "యథాతథంగా అమలు చేయండి" అని జవాబొచ్చింది. తప్పు పడిందని ఒప్పుకుంటే కొంపలు అంటుకుపోతాయి కాబోలు! కొలత కూడా వాళ్లే పంపారు, ఏడు మిల్లీమీటర్లు. కొత్త టీవీ పై అంచు అంతే ఉంటుంది, దాని మీద కూర్చోవాలంటే మనిషీ అంతే ఉండాలి.

మొదటి విడతలో చనిపోయినవాళ్లని చెయ్యాలని తీర్మానించారు. వాళ్లకి బరువుండదు గానీ మందం ఉంటుంది, పైగా ఓటు ఉండదు. ఆరో నిబంధన ప్రకారం ఇంట్లో ఇంకెవరైనా వాళ్ల బదులు పలచనైతే పాత టీవీని, దాని మీద కూర్చున్నవారిని అలాగే ఉంచుకోవచ్చు. ఆ నిబంధన వాడుకున్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

"మా అత్తగారిని చేయించేశాం వదినా," అంది పక్కింటి సుగుణ. "క్యాలెండరులా గోడకి భలే అతుక్కుపోయింది. మునుపట్లా సణుగుడు కూడా లేదు."

"నోరు మూసుకోవే," అంది రూతమ్మ.

మర్నాడు మందం ఇన్‌స్పెక్టర్ వామనరావు వచ్చాడు.

"ఏమ్మా, ఇంకా డబ్బానేనా?"

"డబ్బా కాదు బాబూ. మా ఆయన కూర్చునే చోటు."

"నేనడిగేది చోటు సంగతి కాదు, మందం సంగతి." ఏసుపాదాన్ని కొలిచి, తొమ్మిది అంగుళాలని రాసుకున్నాడు.

"పొట్ట దగ్గర కొలిచావా, గుండె దగ్గరా?" అని అడిగాడు ఏసుపాదం.

"ఎక్కడ ఎక్కువుంటే అక్కడండీ."

రూతమ్మకి ఒళ్లు మండిపోయింది. "మీ నోట్లో మన్ను పడ! మీ ఆఫీసులో టీవీ చెడిపోయిన ప్రతిసారీ చేతిలో పని వదిలేసి వచ్చి ఊరికే బాగుచేసి పెట్టాడు నా మొగుడు. ఆయన్ని పట్టుకుని చెరుకుగడలా పిండేస్తారా? సిగ్గులేదూ మీకు?"

వామనరావు అంతా విన్నాడు. "అభ్యంతరం: ఉన్నది" అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. సాయంత్రానికి కుళాయి కట్టయింది.

పదకొండు రోజులు రూతమ్మ పక్క వీధి నుంచి బిందెలు మోసింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు జాలిపడ్డారు గానీ వరసలో ముందుకి మాత్రం ఎవరూ రానివ్వలేదు. పన్నెండో రోజు నోటీసు అంటించారు. తెల్లారేసరికి తేలకపోతే టీవీ జప్తు. టీవీ పోతే అతను ఎక్కడ కూర్చుంటాడన్నది నోటీసులో లేదు. రూతమ్మ పొద్దున్నే తోపుడు బండి తెచ్చి టీవీని దానికి తాళ్లతో కట్టింది. పైన ఏసుపాదం, కింద వైర్లు, వెనక తోస్తూ తను. మున్సిపల్ ఆఫీసుకి అలా బయల్దేరారు.

మందం తగ్గించే యంత్రానికి టెండరు ఇంకా ఖరారు కాలేదు. అందాకా బస్టాండు దగ్గర చెరుకు రసం మిషన్‌ని అద్దెకి తెచ్చి ఆఫీసు మెట్ల పక్కన పెట్టారు. దాని మువ్వలు కూడా విప్పలేదు, మనిషి మనిషికీ గలగలమంటున్నాయి. క్యూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. అందరి చంకల్లోనూ, బళ్ల మీదా వాళ్ల వాళ్ల టీవీలు, టీవీల మీద వాళ్ల వాళ్ల పెద్దలు.

వంతు వచ్చింది. "ఆరో నిబంధన," అంది రూతమ్మ. "ఆయన బదులు నన్ను పెట్టండి."

"నీకేమైనా పిచ్చా?" అని పైనుంచి అరిచాడు ఏసుపాదం.

"నువ్వు కూర్చో."

వామనరావు నిబంధన చదివి, సరేనన్నాడు. ఆవిడని పక్కకి తిప్పి నిలబెట్టి కొలత పట్టాడు. కొలబద్ద తుడిచి మళ్లీ పట్టాడు. తర్వాత లోపలికెళ్లి సూపరింటెండెంట్‌ని పిలుచుకొచ్చాడు.

"ఆరున్నరేనండి."

"అంగుళాలా?"

"మిల్లీమీటర్లండి. ఈవిడ ఇప్పటికే పలచనై ఉన్నారు."

సూపరింటెండెంట్ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎక్కడ చేయించుకున్నావమ్మా? రశీదు ఏది?"

"ఎక్కడా చేయించుకోలేదు బాబూ. రశీదెవరిస్తారు?"

"రశీదు లేని పలచన లెక్కలోకి రాదు. ఒకసారి అయినవాళ్లని రెండోసారి చెయ్యడం కుదరదు. ఆయన్నే దింపండి."

అప్పుడు ఏసుపాదం టీవీ మీంచి వంగి పెళ్లాన్ని పక్కనుంచి చూశాడు. తొమ్మిదేళ్లుగా ఎదురుగా కూర్చున్నవాడు, ఎదురుగా చూస్తే ఆవిడ నిండుగానే కనిపించేది. ఇప్పుడు మెట్ల పక్కన గీత గీసినట్టు నిలబడి ఉంది, చీర కుచ్చిళ్లే ఆవిడకంటే లావుగా ఉన్నాయి.

"ఎప్పట్నుంచే ఇది?"

"నువ్వు పోయావని కాగితం కోసం ఈ మెట్లెక్కినప్పట్నుంచి. 'నీ మొగుడు పోయాడని నువ్వంటే సరిపోద్దా' అన్నారు. ఆ రోజు కాస్త తగ్గాను. రేపు రా అన్నప్పుడల్లా ఇంకాస్త. నలభై రెండు సార్లు తిరిగాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి? అప్పటికే పోయావుగా."

క్యూలో వెనకవాళ్లు తొందరపెడుతున్నారు. వామనరావు దింపడానికి చేతులు చాచితే ఏసుపాదం అక్కర్లేదన్నాడు. "నేనే దిగుతాను. నా పెళ్లాం ఎంత ఉందో నన్నూ అంతే చెయ్యండి. ఆరున్నర."

"ఉత్తర్వులో ఏడుందండీ."

"ఆ అర మీకెందుకురా, మింగుతారా?"

మువ్వలు గలగలమన్నాయి. కొలత ఏడే వచ్చింది. రిజిస్టరులో ఏసుపాదం పేరుకి ఎదురుగా "పలచన చేయడమైనది" అని, రూతమ్మ పేరుకి ఎదురుగా "మొదటినుంచీ పలచనే" అని రాసి, లోపలికి పిలిచి ఒక్క రశీదు ఇచ్చారు. ఆవిడ మొగుణ్ని మడత పడకుండా రెండు చేతుల్తో పట్టుకుని మెట్లు దిగింది.

అంతా చూసిన క్యూలో గుసగుసలు మొదలయ్యాయి. ముందున్న మనిషిని వెనకున్న మనిషి పక్కనుంచి తొంగి చూశాడు, అతన్ని అతని వెనకామె చూసింది. రేషన్ కార్డులో పేరు కోసం తిరిగినవాళ్లు, ఇంటి పట్టా కోసం తిరిగినవాళ్లు, చదువు పూర్తయ్యి సర్టిఫికెట్ రానివాళ్లు, ఒక్కొక్కరూ సన్నటి గీతలే. రేపు బతికున్నవాళ్ల విడత వచ్చినా సగం మందికి పైగా మిషన్ అవసరం లేదని అక్కడికక్కడే తేలిపోయింది. అయినా ఎవరూ క్యూ వదిలి వెళ్లలేదు. ఇన్నాళ్లూ పలచనైనందుకు ఎప్పటికైనా రశీదు ఇస్తారేమోనని, పక్కకి తిరిగి, ఇంకొంచెం దగ్గర దగ్గరగా నిలబడ్డారు.