పొగ మింగే పెట్టె

ఆ రోజు పొద్దున బ్లగోయాకు ఉన్న పని ఒక్కటే, మిరపకాయలు కాల్చడం. సెప్టెంబరు వచ్చిందంటే ద్రెన్‌కోవోలో ప్రతి ఇంటికీ అదే పని. కారం లేని పెద్ద పెద్ద ఎర్ర కాయల్ని కాల్చి, తోలు వలిచి, నూరి, నూనెలో మగ్గబెట్టి సీసాలకెత్తితే అయ్‌వార్ అవుతుంది. అది లేకుండా చలికాలం గడిపిన ఇల్లు ఆ ఊళ్లో లేదు. ఉన్నా ఆ సంగతి పైకి చెప్పుకోరు.

ఆయన భార్య దోన్కా చెల్లెలి ఊరికి బయల్దేరుతూ చెప్పాల్సింది చెప్పేసింది.

"సాయంత్రం బస్సుకి వచ్చేస్తా. వచ్చేసరికి కాయలన్నీ కాల్చి, వలిచి గంగాళంలో ఉండాలి. రేపటికి ఉంచావంటే కుళ్లిపోతాయి. కిందటేడులాగా మాడ్చావో, చలికాలమంతా ఉత్త రొట్టె నములుతావు."

"నలభై ఏళ్లు బస్సు నడిపినోణ్ణి, మిరపకాయలు కాల్చలేనంటావా?"

"ఆ బస్సూ రెండుసార్లు తగలబడింది," అని దోన్కా తలుపు లాగేసి వెళ్లిపోయింది.

బ్లగోయా పెరట్లో రేకు పొయ్యి దించాడో లేదో, గోడవతల నుంచి పక్కింటి స్తోయ్నా తల పైకి లేచింది.

"ఇదిగో బ్లగోయా, ఇప్పుడే దుప్పట్లు ఆరేశా. వాటి మీద నీ పొగ పడిందంటే ఆ దుప్పట్లలోనే నిన్ను చుట్టి నదిలో పారేస్తా!"

స్తోయ్నా అన్నంత పనీ చేసే మనిషి. అందుకని బ్లగోయా పొయ్యినీ, కట్టెల్నీ, కాయల బస్తానీ, గంగాళాన్నీ తోపుడు బండిలో వేసుకుని మునిసిపాలిటీ ఆఫీసు వెనక ఖాళీ జాగాకు పోయాడు. మూడువైపులా గోడలు. గాలి జొరబడదు. దుప్పట్లు లేవు, స్తోయ్నా లేదు. గోడకి మాత్రం ఒక తెల్ల పెట్టె బిగించి ఉంది. తుమ్మెదలాగా సన్నగా మోగుతోంది.

పొయ్యి వెలిగించగానే వింత జరిగింది. పొగ ఆయన కళ్లలోకి రాకుండా వంకర తిరిగి తిన్నగా ఆ పెట్టెలోకి పోయింది. "ఓరి నీ తల్లి! పొగ మింగే పెట్టె!" అన్నాడు బ్లగోయా. "ఇన్నాళ్లకి మునిసిపాలిటీ పనికొచ్చేది ఒకటి పెట్టింది." పొయ్యిని ఇంకాస్త జరిపి సరిగ్గా దాని మూతి కిందికి చేర్చాడు.

ఆ పెట్టె ఊరి గాలిలో మురికిని కొలిచే యంత్రం. మేయరు త్రిఫున్ దాన్ని ఊరు మొత్తం మీద గాలి బాగుండే మూల వెతికి మరీ పెట్టించాడు. అది పసిగట్టినదంతా ఊరి మధ్య చౌకులో పెద్ద బోర్డు మీద రంగుగా కనిపిస్తుంది. పెట్టిన నాటి నుంచీ ఆకుపచ్చ రంగే, అంటే గాలి శుభ్రమని. నది పక్కన మేయరు బావమరిది ఇటుకబట్టీ పాత టైర్లు కాలుస్తుంటే పిల్లలు నల్లగా దగ్గుతున్నా సరే, బోర్డు మాత్రం పచ్చగా నవ్వుతుండేది. బడి టీచరు వియోలేటా ఎన్ని మీటింగుల్లో అడిగినా త్రిఫున్‌ది ఒకటే జవాబు. "బోర్డు చూడండి టీచరమ్మా. అంత చదువుకున్నారు, రంగులు తెలియవా?"

ఆ పొద్దున బోర్డు పసుపయింది. తర్వాత ఎర్రబడింది.

ఎర్రబడితే ఏం చేయాలో వియోలేటా పిల్లలకి ఎప్పుడో నేర్పింది. బడి గంట కొట్టారు. పిల్లలు మూతులకి గుడ్డలు కట్టుకుని, పండక్కి వచ్చినంత సంబరంగా చౌకులోకి వచ్చేశారు. ఊరంతా కిటికీలు మూసుకోమని మైకులో చెప్పారు. అందరికంటే ముందు మునిసిపాలిటీవాళ్లే మూసుకున్నారు, దాంతో తమ వెనకాలే లేస్తున్న పొగ వాళ్ల కంటబడకుండా పోయింది. ఎవరో ఫోన్ చేస్తే టీవీ బండి కూడా వచ్చేసింది.

గోల విని బ్లగోయా ఏమిటో చూద్దామని వచ్చాడు. బోర్డు చూశాడు. ఒళ్లు మండిపోయింది.

"నేను ముందే అనలా? ఆ బట్టీయే! ఎన్నాళ్లు మింగుతామయ్యా ఈ పొగ?" అని అరిచాడు. నలభై ఏళ్లు బస్సులో వెనక సీటుదాకా వినిపించిన గొంతు అది. జనం ఆయన్ని ఎత్తి బల్ల మీద నిలబెట్టారు. ఆ పక్కనే వియోలేటా నిలబడింది.

"నేను పక్క దేశాలు చూసొచ్చాను," అంది టీచరు. "అక్కడా బట్టీలున్నాయి. కానీ రంగు చూసి అర్థం చేసుకునే చదువుంది, మేయర్ని నిలదీసే నోరుంది. అందుకే వాళ్ల పొగగొట్టాలకి మసి వడగట్టే జల్లెళ్లున్నాయి. మనకీ చదువుంది, నోరుంది. వాడటం లేదు, అంతే."

"నోరు మా పక్కింటావిడకుందమ్మా," అన్నాడు బ్లగోయా. "అందుకే మా పొయ్యి ఇంట్లో ఉండదు!"

చౌకంతా పగలబడి నవ్వింది. ఇంతలో ఆయనకి కాయలు గుర్తొచ్చాయి. "ఇప్పుడే వస్తా," అని పరుగెత్తాడు. కాయలు తిప్పి, నాలుగు కట్టెలు ఎగదోసి తిరిగొచ్చాడు. ఆయన వెళ్లిన కాసేపటికి బోర్డు చిక్కటి ఎరుపయింది. వచ్చి నిలబడ్డాక మెల్లగా పసుపుకి దిగింది. మళ్లీ వెళ్లాడు, ఎరుపు. మళ్లీ వచ్చాడు, పసుపు.

"గమనించారా?" అంది స్తోయ్నా. ఎప్పుడొచ్చిందో వచ్చేసింది. "బ్లగోయా ఇక్కడుంటే గాలి బాగుపడుతోంది. ఈ మనిషి అడుగు మంచిదర్రా! ముప్పై ఏళ్లు పక్కింట్లో ఉండి కనుక్కోలేకపోయా!"

ఇంకేముంది, జనం ఆయన్ని కదలనివ్వలేదు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకడు నడుం పట్టుకున్నాడు.

"వదలండ్రా, పనుంది!"

"ఊరికంటే పనేంటి మామా? నిలబడు!"

"ఒక్క నిమిషం వదలండ్రా నాయనా, కాళ్లు మొక్కుతా!"

"చూశారా, నాయకుడైనా ఎంత వినయమో!"

అప్పుడు గాలి తిరిగి సన్నగా మాడువాసన వచ్చింది. బ్లగోయా కళ్ల ముందు చలికాలం, దాని మధ్యలో ఉత్త రొట్టె, దాని వెనక దోన్కా ముఖం కనిపించాయి. "అయ్యో, నా బంగారాలు!" అని ఒక్క గుంజు గుంజి, చొక్కా వాళ్ల చేతుల్లోనే వదిలేసి దౌడు తీశాడు.

"మునిసిపాలిటీ మీదికి పోతున్నాడు! పదండి!" అని ఎవరో కేక వేశారు. ఇక ఊరు మొత్తం ఆయన వెనకాలే. ముందు బనీనుతో బ్లగోయా, వెనక పిల్లలు, ఆ వెనక కెమెరా, నినాదాలు చేసుకుంటూ జనం. ఆఫీసు చుట్టూ తిరిగి వెనక జాగాలోకి వచ్చి అందరూ ఆగిపోయారు. నాయకుడు తెల్ల పెట్టె కింద కూర్చుని, వేళ్లు కాల్చుకుంటూ మిరపకాయలు తిప్పుతున్నాడు.

"టీచర్, టీచర్! పాఠంలో చెప్పిన పెట్టె ఇదే!" అని పిల్లలు గుంపుగా అరిచారు.

బ్లగోయా పొయ్యి వంక చూశాడు. పెట్టె వంక చూశాడు. "మింగుతుందనుకున్నా," అన్నాడు నీరసంగా. "వాగుతుందని నాకేం తెలుసు?"

మేయరు త్రిఫున్ వెనక తలుపు తీసుకుని పెళ్లికొడుకులా వచ్చాడు. తిన్నగా కెమెరా ముందుకెళ్లాడు.

"చూశారుగా! తప్పు బట్టీది కాదు, మిరపకాయది! మా ఊరి గాలి పాలలాంటిది. ఈ పెట్టె ఊళ్లో ఎక్కడ పెట్టినా పచ్చరంగే చూపిస్తుంది!"

"ఎక్కడ పెట్టినానా?" అంది వియోలేటా చాలా మెత్తగా.

"ఎక్కడైనా!"

"అయితే బావమరిది బట్టీ పక్కన పెట్టవయ్యా," అన్నాడు బ్లగోయా, ఊదుకుంటూ ఒక కాయ వలుస్తూ.

కెమెరా త్రిఫున్ వైపే చూస్తోంది. ఎన్నికలు వచ్చే నెలలోనే. ఆయన గుటక వేశాడు, నవ్వాడు, మళ్లీ గుటక వేశాడు. ఈలోగానే ఎవరో పెట్టె ఊడదీసి ట్రాక్టర్ ఎక్కించారు.

పెట్టెను బట్టీ పక్కన బిగించాక అందరూ చౌకుకి వచ్చి తలలెత్తి చూశారు. బోర్డు పసుపయింది, ఎర్రబడింది, అక్కడితో ఆగకుండా వంకాయ రంగుకి తిరిగింది. ఆ బోర్డులో అలాంటి రంగొకటి ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు.

"అర బస్తా మిరపకాయలు ఎర్రరంగుకే అలిసిపోయాయి పాపం," అన్నాడు బ్లగోయా.

పొగగొట్టానికి జల్లెడ పెట్టేదాకా బట్టీ ఆపాలా వద్దా అని అక్కడికక్కడే చేతులెత్తించారు. చౌకంతా చేతులే. పిల్లలు రెండేసి ఎత్తితే వియోలేటా ఒకటి దింపించింది. త్రిఫున్ ఎత్తని చేయి ఎక్కడైనా ఉందేమోనని నాలుగువైపులా వెతికి, చివరికి తనదీ ఎత్తేశాడు.

తర్వాత అందరూ ఆఫీసు వెనక్కి వచ్చి కాయల మీద పడ్డారు. పిల్లలు తోలు వలిచారు, టీవీ అమ్మాయి గింజలు తీసింది, స్తోయ్నా తన కొత్త దుప్పటి తెచ్చి గంగాళం మీద తనే కప్పింది. మాడినవి గుప్పెడే. వాటిని త్రిఫున్‌కి రొట్టెలో పెట్టి ఇచ్చారు. ఆయన కెమెరా ఉన్నంతసేపూ నవ్వుతూ తిన్నాడు.

సాయంత్రం బస్సు దిగిన దోన్కా చెల్లెలి ఇంట్లో టీవీలో అంతా చూసే వచ్చింది. భర్త బనీను వంక ఒకసారి చూసింది. గంగాళం మూత తీసి, ఒక కాయ నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"బాగానే కాల్చావు," అంది దోన్కా. "పొగ వాసనే కాస్త తక్కువైంది. అదంతా ఆ పెట్టెకి పెట్టేశావు."